కీలెస్ కిట్ పెట్టుకోండి, కీ స్విచ్‌ని మాత్రం పీకొద్దు

కీలెస్ కిట్ అంటే తాళం తిప్పకుండా, జేబులో ఫాబ్ (చిన్న రిమోట్) ఉంటే చాలు టూవీలర్ ఆన్ అయ్యేలా చేసే పరికరం. బెంగళూరు జేసీ రోడ్డులో దాన్ని బేరమాడే ముందు షాపతన్ని ఒకటే అడగండి: బండి నడుస్తుండగా ఫాబ్ సిగ్నల్ పోతే ఇంజిన్ ఆగుతుందా? "ఆగుతుంది సార్, దొంగతనం జరిగితే మంచిదే కదా" అంటే ఆ కిట్ వద్దు. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కాక, వెనకాలే బీఎంటీసీ బస్సు ఉండగా ఫాబ్‌లో సెల్ అయిపోతే దొంగ సంగతి దేవుడెరుగు, ముందు మన సంగతేంటి?

వైరింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి. అంతకన్నా ముందు, అది ఉండగానే, మల్టీమీటర్‌తో కీ స్విచ్ కప్లర్ (దాని వైర్లు కలిసే ప్లగ్) చూడండి. కీ ఆఫ్‌లో కూడా 12 వోల్టులు చూపేది బ్యాటరీ వైరు. ఆన్ చేశాక మాత్రమే చూపేది ఇగ్నిషన్ వైరు. రంగులు నమ్మొద్దు, కంపెనీకో లెక్క. కీ ఆఫ్‌లో ఛాసిస్‌కి కలిసి, ఆన్‌లో విడిపోయే వైరు కనిపిస్తే అది కిల్ వైరు, అంటే ఎర్త్ చేసి ఇంజిన్ ఆపేది. కొన్ని పాత కార్బురేటర్ బండ్లలో ఉంటుంది. వాటికి ఈ పద్ధతి సరిపోదు, ఇక్కడితో ఆపేయండి.

మాడ్యూల్ (కిట్‌లోని కంట్రోల్ పెట్టె) అవుట్‌పుట్‌తో బండి లోడంతా మోయించకండి, 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) పెట్టండి. రిలే మీద 30 నంబరు పిన్ బ్యాటరీ వైరుకి, 87 ఇగ్నిషన్ వైరుకి. అంటే కీ స్విచ్‌కి పక్కనే ఇంకో దారి. కిట్ పాడైనా తాళం తిప్పి ఇంటికి రావచ్చు. 86కి మాడ్యూల్ అవుట్‌పుట్, 85కి ఎర్త్. ఈ రెండు పిన్నుల మధ్య 1ఎన్4007 డయోడ్ వేయండి, గీత ఉన్న వైపు 86కి. ఎస్పీ రోడ్డులో చిల్లర డబ్బులకే వస్తుంది. అది లేకపోతే రిలే ఆఫ్ అయ్యే ప్రతిసారీ కాయిల్ నుంచి వచ్చే వోల్టేజ్ దెబ్బ మాడ్యూల్‌కి తగులుతుంది. మాడ్యూల్ ప్లస్‌కి బ్యాటరీ దగ్గరే విడిగా చిన్న ఫ్యూజు పెట్టండి. జాయింట్లన్నీ సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి. మెలిపెట్టి టేపు చుడితే ఒక్క వానాకాలం కూడా ఆగదు.

మాడ్యూల్ సీటు కింద. యాంటెన్నా మాత్రం ఇనుముకి దూరంగా, వెనక ప్లాస్టిక్ లోపల. ఫాబ్‌ని లేపేది దాదాపు 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్, పక్కన లోహముంటే దూరం తగ్గిపోతుంది.

చివర్లో అన్నీ ఆఫ్ చేసి, నెగటివ్ దగ్గర కరెంటు కొలవండి. 10 మిల్లీఆంపియర్లు లాగితే రోజుకి 0.24 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఛార్జి లెక్క) పోయినట్టే. సంక్రాంతికి ఊరెళ్లి నెల తర్వాత వస్తే 8 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు ఏం మిగలదు. అలా వెళ్లేటప్పుడు మాడ్యూల్ ఫ్యూజు పీకేసి, హ్యాండిల్ లాక్ వేసుకుని బయల్దేరండి. ఆ లాక్‌కి ఎలాగూ పాత తాళమే కావాలి.