గేమ్‌లో ఎలిమెంట్స్ పెడుతున్నారా? టేబుల్ గీసే ముందు దెబ్బలు లెక్కపెట్టండి

కొత్తగా ఆర్పీజీ (ఒక పాత్రగా ఆడుతూ దాన్ని బలపరుచుకునే గేమ్) చేసేవాళ్లలో చాలామంది మొదటి రోజే నిప్పు, నీళ్లు, మంచు, పిడుగు, విషం, వెలుగు, చీకటి అంటూ ఎనిమిదో పదో ఎలిమెంట్స్ రాసేసుకుని, ఏది దేన్ని ఎంత గట్టిగా కొడుతుందో చూపించే పెద్ద టేబుల్ గీసేస్తారు. నేనూ ఎనిమిదితోనే మొదలుపెట్టా. మా తమ్ముడికి ఆడమని ఇస్తే అరగంటసేపు కనపడిన ప్రతిదాన్నీ ఒక్క నిప్పు స్పెల్‌తోనే (మంత్రంతోనే) కొట్టుకుంటూ పోయాడు, వేరేది వాడాల్సిన అవసరమే రాలేదు వాడికి. ఎందుకంటే బలహీనతకి, అంటే శత్రువుకి పడని ఎలిమెంట్‌తో కొడితే, నేను పెట్టిన బోనస్ 1.2 రెట్లు.

లెక్క చూడండి. శత్రువు హెల్త్ 100, మామూలు దెబ్బ 25 అనుకుంటే 4 దెబ్బలకి పడిపోతాడు. 1.2 రెట్లు అంటే దెబ్బ 30, అయినా 4 దెబ్బలే. 1.3 పెట్టినా 32.5, మూడు దెబ్బలకి 97.5, ఇంకా చావడు. 1.5 పెడితే 3 దెబ్బలు, 2 రెట్లు పెడితే 2 దెబ్బలు. కాబట్టి పర్సెంటేజ్ పక్కన పెట్టేసి దెబ్బల కౌంట్ తగ్గిందా లేదా అదొక్కటే చూడండి, ఆడేవాళ్లకి తెలిసేది అదే. రెసిస్టెన్స్ (శత్రువు తట్టుకునే ఎలిమెంట్) కూడా ఇంతే, దెబ్బని సగం చేస్తే 4 కాస్తా 8 అవుతుంది, అప్పుడు గానీ స్పెల్ మార్చరు.

ఇక ఎన్ని పెట్టాలి అంటే, మొదటి గేమ్‌కి మూడో నాలుగో చాలు. మూడైతే టేబుల్‌లో 9 గడులు, ఎనిమిదైతే 64, పోకెమాన్‌లో ఇప్పుడున్న 18 టైపులకి (అక్కడ ఎలిమెంట్స్‌ని అలా అంటారు) 324. నీళ్లు నిప్పుని ఆర్పుతాయని, నిప్పు గడ్డిని కాలుస్తుందని ఎవరికీ నేర్పక్కర్లేదు కదా, అలాంటివే తీసుకోండి. వెలుగు, చీకటి పెడితే ఏది దేన్ని కొడుతుందో బట్టీ పట్టాల్సిందే.

టేబుల్ కరెక్ట్‌గా ఉంటే పనైపోయినట్టు కాదు, దీనికి పోకెమాన్ మొదటి తరమే ఉదాహరణ. 1996లో వచ్చిన ఆ గేమ్స్‌లో సైకిక్ (మనోశక్తి) టైప్‌ని ఆపడం చాలా కష్టం. పురుగు టైప్ దెబ్బ దానికి రెండింతలు తగులుతుంది, కానీ ఆ టైప్‌లో గట్టి మూవ్స్ లేవు. ఘోస్ట్ పనిచేయాల్సింది, కోడ్‌లో మాత్రం సున్నా అయిపోయింది, పైగా అప్పటి ఘోస్ట్‌లన్నీ పాయిజన్ టైప్ కూడా, పాయిజన్‌కి సైకిక్ దెబ్బ గట్టిగా తగులుతుంది కాబట్టి అవే సైకిక్‌కి దొరికిపోయేవి. 1999లో డార్క్, స్టీల్ టైపులు తెచ్చి సర్దారు. అందుకే మీ టేబుల్‌లో ప్రతి ఎలిమెంట్‌కీ విరుగుడు ఉందా అని చూశాక, ఆ విరుగుడు మంచి దెబ్బగా ఆ టైమ్‌కి ఆడేవాళ్ల చేతిలో ఉంటుందా అనేది కూడా తప్పకుండా చూడండి.

నాకు బాగా నచ్చే పద్ధతి ఏంటంటే డ్యామేజ్‌తో పాటు ఇంకేదైనా ఇవ్వడం. 2003లో వచ్చిన షిన్ మెగామి టెన్సే 3 అనే గేమ్‌లో బలహీనత మీద కొడితే సగం టర్నే ఖర్చవుతుంది, ఎదుటివాడు నల్ చేస్తే (దెబ్బ అసలు తగలకపోతే) రెండు టర్న్‌లు పోతాయి, ఇదే రూల్ శత్రువులకీ వర్తిస్తుంది, కాబట్టి మన టీమ్ బలహీనతలు కూడా భయపెడతాయి. గెన్షిన్ ఇంపాక్ట్‌లో అయితే వరసే ముఖ్యం, నిప్పు అంటించి నీళ్లు కొడితే 2 రెట్లు, నీళ్లు ముందు కొట్టి నిప్పు వేస్తే 1.5.

పూర్తి ఇమ్యూనిటీ పెడితే మాత్రం జాగ్రత్త, నిప్పు ఒక్కటే నేర్చుకుని వచ్చినవాళ్లు నిప్పు రాక్షసుడి దగ్గర ఇరుక్కుపోతారు, మామూలు కత్తి దెబ్బైనా తగిలేలా ఉంచండి. బలహీనత దూరం నుంచే కనపడాలి, రంగు ఒక్కటే సరిపోదు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ఉంటారు, ఐకాన్, సౌండ్ కూడా పెట్టండి.

చివరికి గేమ్ తెలియనివాళ్లకి ఇచ్చి పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. రెండో ఫైట్‌లో వాళ్లంతట వాళ్లే స్పెల్ మార్చారా లేదా రాసుకోండి, మార్చకపోతే ముందు ఆ దెబ్బల కౌంట్ మళ్లీ సరిచూసుకోండి.