నాక్షత్ర కాలగణనం – మూడవ పాఠం: డిగ్రీలు, గంటలు, ఘడియలు, ప్రాణాలు

గత పాఠంలో రోహిణీ నక్షత్రపు విషువాంశను (ఖగోళ మధ్యరేఖ వెంట తూర్పుగా కొలిచే స్థానాన్ని) 4 గంటల 36 నిమిషాలుగా రాసుకున్నాము. ఈ పాఠంలో అదే సంఖ్యను మొదట డిగ్రీలలోకి, ఆ తరువాత ఘడియలలోకి మార్చి, చివరకు మన చేతి గడియారానికి అన్వయిద్దాము. వీటిలో మొదటి రెండు మార్పులూ కేవలం పేరు మార్పులు. మూడవది నిజంగా కొలబద్ద మార్పు. విద్యార్థులు చేసే తప్పులలో చాలా భాగం ఈ తేడాను మరవడం వల్ల వచ్చేవే.

ఒక నాక్షత్ర దినంలో, అంటే నక్షత్రాలను బట్టి చూసినప్పుడు భూమి ఒక చుట్టు తిరిగే కాలంలో, భూమి సరిగ్గా 360 డిగ్రీలు తిరుగుతుంది. దానినే 24 నాక్షత్ర గంటలుగా విభజిస్తాము కనుక గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు వస్తాయి. రోహిణికి 4 గంటలను 15తో హెచ్చిస్తే 60 డిగ్రీలు, 36 నిమిషాలను 4తో భాగిస్తే 9 డిగ్రీలు, మొత్తం 69 డిగ్రీలు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డిగ్రీలో అరవయ్యో భాగాన్నీ, గంటలో అరవయ్యో భాగాన్నీ రెండింటినీ నిమిషమనే పిలిస్తే లెక్క తారుమారవుతుంది, ఎందుకంటే కాలంలో ఒక నిమిషం కోణంలో 15 నిమిషాలకు సమానం. మన జ్యోతిర్గణితంలో డిగ్రీలో అరవయ్యో భాగానికి కల, కలలో అరవయ్యో భాగానికి వికల అనే వేరే పేర్లు ఉన్నాయి కాబట్టి ఈ పాఠాలలో నిమిషం, సెకను అన్నవి కాలానికే పరిమితం చేస్తున్నాను. ఈ అలవాటు లేని రోజులలో నేను ఒక నక్షత్రం స్థానాన్ని పదిహేను రెట్లు తప్పుగా గుణించి, దుర్భిణిని ఖాళీ ఆకాశం వైపు తిప్పి అరగంట వెతికాను.

ఇక ఘడియలు. సూర్యసిద్ధాంతం ప్రకారం 6 ప్రాణాలు ఒక విఘడియ, 60 విఘడియలు ఒక ఘడియ, 60 ఘడియలు ఒక నాక్షత్ర అహోరాత్రం. అంటే ఘడియకు 6 డిగ్రీలు, విఘడియకు 6 కలలు. రోహిణి 69 డిగ్రీలను 6తో భాగిస్తే పదకొండున్నర, అనగా 11 ఘడియల 30 విఘడియలు. ప్రాణం దగ్గర మాత్రం కాస్త ఆగవలసిందే. రోజుకు 60 × 60 × 6, అంటే 21,600 ప్రాణాలు; వృత్తానికి 360 × 60, అంటే అవే 21,600 కలలు. కనుక ఒక ప్రాణంలో భూమి ఒక కల తిరుగుతుంది, హెచ్చవేతా భాగహారమూ ఏదీ అక్కర లేదు. ఆర్యభటుడు “ప్రాణేనైతి కలాం భూః” అన్నది ఈ సంగతే. పది గురువులను (దీర్ఘాక్షరాలను) తొందరపడకుండా పలకడానికి పట్టే కాలమే ప్రాణం. ఒకసారి “కా” అని పదిమార్లు నిదానంగా పలికి చూడండి, దాదాపు 4 సెకన్లు పడుతుంది. నా దృష్టిలో గంటల కన్నా ఇదే చక్కని ప్రమాణం.

ఇప్పుడు కొలబద్ద మార్పు. భూమి సూర్యుని చుట్టూ కూడా తిరుగుతున్నందువల్ల సంవత్సరంలో సౌర దినాలు 365.2422 అయితే నాక్షత్ర దినాలు సరిగ్గా ఒకటి ఎక్కువగా, 366.2422 ఉంటాయి. ఈ రెండింటి నిష్పత్తి 1.0027379. అందువల్ల నాక్షత్ర దినం మన గడియారంలో 23 గంటల 56 నిమిషాల 4.09 సెకన్లు మాత్రమే. ఆర్యభటుడు మహాయుగానికి (43,20,000 సంవత్సరాలకు) చెప్పిన 158,22,37,500 భూభ్రమణాలతో 157,79,17,500 సావన దినాలను (సూర్యోదయం నుండి సూర్యోదయం వరకు లెక్కించే రోజులను) భాగించి చూస్తే 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు వస్తుంది, క్రీ.శ. 499 నాటి లెక్క ఇది.

ఆచరణలో నాక్షత్ర కాలవ్యవధిని గడియారపు కాలంలోకి మార్చాలంటే గంటకు 9.83 సెకన్ల చొప్పున తీసివేయాలి. గడియారం నుండి నాక్షత్రానికైతే గంటకు 9.86 సెకన్లు కలపాలి. రెండు సంఖ్యలూ ఒకటి కావు, ఎందుకంటే ఒక్కొక్కటి వేరే గంట మీద లెక్కించినది. నాక్షత్ర ఘడియ కూడా ఇలాగే 24 నిమిషాలు కాదు, 23 నిమిషాల 56.07 సెకన్లు.

ఇక రోహిణి దగ్గరకు వద్దాము. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ కాకినాడ సమీపంగా పోతుంది. హైదరాబాదు సుమారు 78½ డిగ్రీల మీద ఉంది. తేడా 4 డిగ్రీలు, అంటే 16 నాక్షత్ర నిమిషాలు. ఏ క్షణంలోనైనా ఈ రెండు చోట్ల నాక్షత్ర కాలాల మధ్య తేడా కచ్చితంగా ఆ 16 నిమిషాలే, దానికి ఏ సవరణా చేయకూడదు, అది కోణం గనుక. కాని ఆ రేఖపై రోహిణి యామ్యోత్తరాన్ని (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే రేఖను) దాటాక హైదరాబాదులో దాటే వరకు మన గడియారంతో ఎంతసేపు వేచి ఉండాలని అడిగితే మాత్రం 2.6 సెకన్లు తగ్గించి 15 నిమిషాల 57.4 సెకన్లు అనాలి. అదే రోహిణి ఈ రాత్రి 9 గంటలకు హైదరాబాదు యామ్యోత్తరంపై ఉంటే, 30 రోజుల తరువాత 7 గంటల 2 నిమిషాలకే అక్కడికి చేరుతుంది.

అభ్యాసం: చిత్తా నక్షత్రపు విషువాంశను 13 గంటల 25 నిమిషాలుగా తీసుకుని డిగ్రీలు–కలలలోకి, ఘడియలు–విఘడియలు–ప్రాణాలలోకి మార్చండి. ఆ పైన 6 నాక్షత్ర గంటల వ్యవధి గడియారంలో ఎంతో కనుగొనండి. మీకు 201 డిగ్రీల 15 కలలు. 33 ఘడియల 32 విఘడియల 3 ప్రాణాలు. 5 గంటల 59 నిమిషాల 1 సెకను రావాలి.