కూల్చబోయే ఇంట్లో బొమ్మ వేసే ముందు

యజమాని నుంచి రాతపూర్వక అనుమతి, కూల్చే తేదీ తీసుకోండి. ఆ తేదీ ముందుకు జరగొచ్చు, కాబట్టి ఏ రోజు ఫొటోలు ఆ రోజే తీయండి. లండన్‌లో రేచల్ వైట్‌రీడ్ అనే శిల్పి 1993లో ఒక పాత ఇంటి లోపలి ఆకారాన్ని కాంక్రీటుతో పోతపోసిన ‘హౌస్’ అనే శిల్పం 1994 జనవరిలోనే నేలమట్టమైంది. ఇవాళ దాన్ని ఫొటోల్లో, వీడియోల్లోనే చూడగలం.

- కరెంటు, గ్యాస్ తీసేశారని తేల్చుకున్నాకే గోడకి మేకు కొట్టండి.
- పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకొద్దు, తడిపి గీకండి; గుడ్డ మాస్కు చాలదు. ఆస్బెస్టాస్ రేకుల జోలికి అసలే పోవద్దు.
- ఆయిల్ రంగు మీద అక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగు) వేస్తే ఊడిపోతుంది. అక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది. ఎలాగూ కూలే గోడే కదా అనుకోకండి, ఉన్న నాలుగు రోజులూ బొమ్మ బాగుండాలి.
- అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి.
- ఒంటరిగా వెళ్లొద్దు.