పాపాన్ని పేరుపెట్టి ఒప్పుకుందాం: ఆరాధన మన ఇంటిదాకా రావాలంటే

ఆదివారం చర్చిలో కళ్లనీళ్లతో పాడతాం, సోమవారం పొద్దున ఎనిమిది కాకముందే ఇంట్లో ఎవరో ఒకరి మీద విరుచుకుపడతాం, ఆ తర్వాత రోజంతా "అసలు నా భక్తి నిజమేనా" అని లోపల నలిగిపోతాం. ఇది చాలామంది విశ్వాసుల బాధ, చాలా ఏళ్లు నా బాధ కూడా. ఆరాధన ఒకటి, పాపంతో పోరాటం ఇంకొకటి అనుకున్నన్నాళ్లూ నాకు రెండూ కుదరలేదు. బైబిల్లో రోమా 12:1లో అపొస్తలుడు పౌలు మన శరీరాలనే సజీవయాగంగా సమర్పించుకోమంటాడు. శరీరమంటే మన నోరు, కళ్లు, చేతులు, రాత్రి పదకొండింటికి ఫోన్ మీద కదిలే వేళ్లు. అంటే వంటింట్లో నోరు అదుపులో పెట్టుకోవడం కూడా ఆరాధనే.

ముందే ఒకటి చెప్పాలి. కింద రాసినవి చేస్తే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని కాదు. ఆ పని యేసుప్రభువు సిలువ మీద ముగించాడు. మనం ఇప్పటికే దేవుని ఇంటి పిల్లలం, అందుకే ఆయన మనకు నడక నేర్పిస్తున్నాడు.

మొదట మార్చుకోవాల్సింది మన ఒప్పుకోలు. "తెలిసి చేసినవీ తెలియక చేసినవీ నా పాపాలన్నీ క్షమించు తండ్రీ" అని చిన్నప్పటి నుంచి అలవాటుగా చెప్పేస్తాం. అందులో తప్పు లేదు, కానీ అక్కడితో ఆపేస్తే ఏ పాపమూ వెలుగులోకి రాదు. "ప్రభువా, ఈరోజు ఆఫీసులో ఆలస్యానికి ట్రాఫిక్ అని అబద్ధం చెప్పాను" అనండి. "మా తోటికోడలి కొత్త గాజులు చూసి కడుపు మండింది" అనండి. పేరు పెట్టి చెప్పేటప్పుడు సిగ్గేస్తుంది, గొంతు పెగలదు, ఆ సిగ్గు మంచిదే. సౌలు రాజు కూడా "పాపం చేశాను" అన్నాడు, వెంటనే "జనం ముందు నన్ను ఘనపరచు" అని సమూయేలు ప్రవక్తను అడిగాడు (1 సమూయేలు 15:30). పరాయి భార్య విషయంలో నాతాను ప్రవక్త నిలదీసినప్పుడు దావీదు రాజు "నేను పాపం చేశాను" అని ఊరుకున్నాడు, సాకు చెప్పలేదు, పరువు కాపాడమనలేదు. మనం ఒప్పుకునేటప్పుడు వాక్యం చివర "కానీ" వస్తోందా అని చూసుకోండి. "అరిచాను కానీ వాడూ అలాగే మాట్లాడాడు" అంటే ఇంకా ఒప్పుకోలేదన్నట్టే.

రెండోది, మీ పాపం ఏ టైముకి, ఎక్కడ వస్తుందో కనిపెట్టండి. దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు నిజంగా సాయపడింది ఇదే.

నాది కోపం. వారం రోజులు ఒక పాత నోట్‌బుక్‌లో, కోపం వచ్చినప్పుడల్లా టైము, అప్పుడు ఏం జరుగుతోందో రాశాను. చూస్తే దాదాపు అన్నీ పొద్దున 7:20కీ 7:45కీ మధ్యే. కుక్కర్ విజిల్, నిన్నటి టిఫిన్ బాక్స్ స్కూల్ బ్యాగులోనే ఉండిపోయి మూత తీయగానే పులిసిన వాసన, ఒక సాక్స్ కనబడదు, వీధి చివర ఆటో హారన్. ఒకరోజు ఆ బాక్స్ చేతిలో పట్టుకుని మా అమ్మాయి మీద ఎంత గట్టిగా అరిచానంటే, అది ఏడవలేదు, వంగి షూ లేసు కట్టుకుంటూ అలాగే ఉండిపోయింది, తల పైకెత్తలేదు. ఆ వంగిన తల నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రోజే అంతకుముందు, ఐదున్నరకి, అరగంట ప్రార్థన చేసుకున్నాను.

ఆ తర్వాత ప్రార్థన మానలేదు, దానికి పని జోడించాను. రాత్రి పడుకునే ముందు బ్యాగు తెరిచి బాక్స్ కడిగి బోర్లించడం, సాక్సులు షూలోనే పెట్టడం, కూర కోసి పెట్టుకోవడం. ఏడుంబావుకి స్టవ్ ముందు నిలబడి ఒక్క నిమిషం, కళ్లు తెరిచే, "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము" (కీర్తన 141:3) అనుకోవడం. బాక్సులు కడిగితే పరిశుద్ధత వస్తుందా అని ఎవరైనా అడగొచ్చు. రాదు. కానీ శోధన వచ్చే దారి తెలిసి కూడా ఆ తలుపు బార్లా తీసి పెట్టి "శోధనలోకి తేకు ప్రభువా" అని అడగడం సరికాదు కదా. 2 సమూయేలు 11 మొదటి రెండు వచనాలు మెల్లగా చదవండి: రాజులు యుద్ధానికి వెళ్లే కాలం, దావీదు యెరూషలేములోనే ఉండిపోయాడు, సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరుగుతున్నాడు. ఆ పరాయి భార్య బత్షెబ కనబడక ముందే టైమూ చోటూ సిద్ధమైపోయాయి. యోసేపైతే యజమాని భార్య పట్టుకుంటే వస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు (ఆదికాండము 39). రాత్రిపూట ఫోన్‌లో చూడకూడనివి చూసే అలవాటుంటే ఛార్జర్ హాల్లో పెట్టండి, ఫోన్ అక్కడే పడుకుంటుంది. తాగుడైతే ఆ వీధిలోంచి ఇంటికి రావడం మానండి, శరీరానికి పట్టేసిన వ్యసనమైతే డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లండి, అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

దేవుని వాక్యం విషయానికొస్తే, ఏదో ఒక అధ్యాయం చదివి బైబిల్ మూసేయకుండా, మీ పోరాటానికి సరిపోయే వాక్యం ఒక్కటి కంఠతా పట్టండి. అరణ్యంలో సాతాను మూడుసార్లు శోధిస్తే యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండము నుంచే జవాబిచ్చాడు. ఆ వచనాలు అప్పటికే ఆయన లోపల ఉన్నాయి, అక్కడ గ్రంథం తెరిచి వెతకలేదు. కోపానికి ఎఫెసీ 4:26, మోసానికి సామెతలు 11:1, కళ్లకు యోబు 31:1. రోజువారీ చదువు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే సామెతల్లో 31 అధ్యాయాలున్నాయి, ఈరోజు తేదీ ఎంతైతే ఆ అధ్యాయం. దానితోపాటు సువార్తలో కొంచెం. తెల్లారి లేచే అమ్మానాన్నలున్న ఇంట్లో ఇది సులువు, నైట్ షిఫ్టువాళ్లు మాత్రం తమకు కుదిరే టైము ఎంచుకోవాలి. పొద్దున్నే చేయలేదని కుమిలిపోవద్దు.

ఇక సంఘంతో కలిసి చేసే ఆరాధన. ఆదివారం ఆరాధన శనివారం రాత్రే మొదలవుతుంది. పన్నెండింటిదాకా సీరియల్సూ రీల్సూ చూసి, రెండో పాట అయ్యాక వెళ్లి వెనక కూర్చుంటే మనసు నిలవదు. పాత క్రైస్తవ కీర్తనల్లో గ్రాంథికం మాటలు చాలా ఉంటాయి, అర్థం కాకపోతే పెద్దవాళ్లని అడగండి, ఒక్క చరణం అర్థం తెలిసి పాడినా అది వారమంతా నోట్లో తిరుగుతుంది. ఇంట్లో కుటుంబ ప్రార్థన పావుగంట చాలు: ఒక పాట, ఒక చిన్న భాగం, ప్రతివాళ్లూ ముందు ఒక కృతజ్ఞత చెప్పి తర్వాతే అడగడం. పిల్లలు నిద్రకి జోగుతుంటే లాగకండి.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉన్న వారం మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని 1 కొరింథీ 11:28 చెబుతోంది, అర్పణ బలిపీఠం దగ్గర వదిలేసి ముందు సహోదరునితో సమాధానపడమని యేసు చెప్పాడు (మత్తయి 5:23, 24). మీరు ఎవరితో మాట్లాడటం లేదో వాళ్లకి శనివారమే ఫోన్ చేయండి. డబ్బు ఎగ్గొట్టి ఉంటే తిరిగివ్వడం మొదలుపెట్టండి, సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, మనం కనీసం అసలు ఇద్దాం. పిల్లల మీద అరిస్తే పిల్లలకే సారీ చెప్పాలి. వాళ్ల ఎత్తుకి కూర్చుని, "కానీ" లేకుండా. అయితే క్షమించడమంటే కొట్టే మనిషి దగ్గర దెబ్బలు తింటూ ఉండిపోవడం కాదు. అలాంటి ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్లు ముందు సురక్షితమైన చోటికి వెళ్లాలి, సంఘం వాళ్లకి అండగా నిలవాలి.

యాకోబు 5:16 పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. దానికి చర్చిలో సాక్ష్యాలు చెప్పే టైములో మైకు అక్కర్లేదు, ఒక్క మనిషి చాలు. ఆడవాళ్లకి ఆడవాళ్లు, మగవాళ్లకి మగవాళ్లు, వయసులో కాస్త పెద్దవాళ్లయితే మేలు. ఇతరుల ప్రార్థన విషయాలు మీకు మోసుకొచ్చే వాళ్లకి మాత్రం మీ సంగతి చెప్పకండి, రేపు అది ఇంకో ఇంట్లో ప్రార్థన విషయం అవుతుంది. నేను మా సంఘంలో ఒక పెద్దమ్మగారికి చెప్పుకున్నాను. ఆవిడ ఉపదేశం చేయలేదు, ప్రతి బుధవారం ఫోన్ చేసి "ఈ వారం పొద్దున్నలు ఎలా ఉన్నాయమ్మా" అని అడుగుతారు. అంతే. అడిగే మనిషి ఉన్నారని తెలిస్తేనే నాలుక సగం ఆగుతుంది.

ఇదంతా చేశాక కూడా పడతారు. నేను పోయిన నెలలోనే పడ్డాను, రెండు రోజులు వరసగా. అప్పుడు చాలామంది చేసే పని, ముఖం చెల్లక ఆ ఆదివారం చర్చికి మానేయడం, ప్రార్థన వాయిదా వేయడం, "కాస్త బాగుపడ్డాక వెళ్దాం" అనుకోవడం. దయచేసి అలా చేయకండి. గాయమైన రోజే కదా ఆసుపత్రికి వెళ్తాం. పడిన చోటే, స్టవ్ ముందైనా బండి మీదైనా సరే, ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 పట్టుకుని పాపం పేరు చెప్పి ఒప్పుకోండి, ఎవరిని బాధపెట్టారో వాళ్ల దగ్గరికి ఆ పూటే వెళ్లండి, నోట్‌బుక్‌లో టైము రాయండి, రాత్రికి బాక్స్ కడిగి పెట్టుకోండి.