చూపు కొలత తప్పు రాకుండా తీయడం ఎలా?

కంటి ఆసుపత్రిలో డాక్టరు ముందు కూర్చునేలోపే రోగి కార్డు మీద ఒక అంకె పడుతుంది: 6/9, 6/18, 6/60. 6/9 అంటే మామూలు చూపున్నవారు 9 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ రోగి 6 మీటర్ల దగ్గరికొస్తేనే చదవగలరని. ఆ అంకె వేసేది ఎక్కువగా అసిస్టెంటే. అద్దాలు మార్చాలా, శుక్లం ఆపరేషన్‌కు వేళయిందా, పోయినసారికన్నా చూపు తగ్గిందా అని తేల్చేటప్పుడు డాక్టరు మొదట చూసేది దాన్నే.

అక్షరం చదివేది కంట్లో ఏ భాగం?

వెలుగు ముందు కార్నియాను దాటుతుంది. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా కప్పి ఉండే పారదర్శక పొర ఇదే. ఆ తర్వాత ఐరిస్ అనే రంగు పొర నడుమ ఉన్న కంటిపాప, దాని వెనక లెన్సు, ఆపైన గుడ్డు నిండా ఉండే జిగురులాంటి విట్రియస్, చివరికి వెలుగును పట్టుకునే పొర రెటీనా. వెలుగును వంచే పనంతా లెన్సుదే అనుకుంటారు చాలామంది. కంటికున్న సుమారు 60 డయాప్టర్ల (వెలుగును వంచే శక్తికి కొలమానం) శక్తిలో 43 దాకా కార్నియాదే. అందుకే దాని మీద చిన్న మచ్చ పడినా, అది కంటిపాపకు ఎదురుగా ఉంటే చూపు బాగా దెబ్బతింటుంది.

పెద్దవాళ్ల కనుగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే దాదాపు మూడు డయాప్టర్ల మైనస్ పవర్ వస్తుంది.

చార్టు మీది సన్న అక్షరాన్ని చదివేది రెటీనా నడిబొడ్డున ఉన్న మాక్యులా. చుట్టుపక్కల చూపు సంగతి చార్టు చెప్పదు. నీటికాసుల జబ్బు (గ్లకోమా) ముదిరేదాకా 6/6 కనిపించవచ్చు. షుగరు ఉన్నవారికి 6/6 వచ్చినా రెటీనా పరీక్షకు పంపాల్సిందే.

చార్టు ముందు కూర్చోబెట్టే ముందు

ఒక్క సందర్భంలో చార్టు జోలికి వెళ్లకూడదు. కంట్లో సున్నమో, యాసిడో, మరే రసాయనమో పడిందంటే ముందు కడగాలి. సెలైన్ దొరక్కపోతే శుభ్రమైన కుళాయి నీళ్లయినా సరే, కనీసం అరగంట ఆగకుండా పోయాలి. సున్నం పలుకులు పైరెప్ప లోపల ఇరుక్కుంటాయి. రెప్ప తిరగేసి తడి దూదిపుల్లతో తీయకపోతే ఎంత కడిగినా లోపల కాలుతూనే ఉంటుంది. చూపు కొలత ఆ తర్వాతే.

మిగతా అందరికీ చూపే ముందు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక తీసిన కొలత అసలు చూపును చెప్పదు.

చార్టు నుంచి కుర్చీ దాకా 6 మీటర్లు టేపుతో కొలిచి నేల మీద గీత గీయండి. 6/60 అక్షరం ఎత్తు స్కేలుతో చూస్తే 8.7 సెంటీమీటర్లు ఉండాలి. మామూలు ప్రింటరు మీద తీసిన చార్టుల్లో ఇది తరచుగా తగ్గిపోతుంది. 6 మీటర్ల చార్టును 3 మీటర్ల దూరంలో పెట్టి 6/6 గీత చదివిస్తే వచ్చేది నిజానికి 6/12. గది చిన్నదైతే 3 మీటర్ల దూరంలో అద్దం పెట్టి, తిరగేసి ముద్రించిన చార్టు వాడాలి.

కొలిచే వరస

ముందు కుడి కన్ను, కళ్లజోడు లేకుండా. ఎడమ కంటిని మూసేది ఆక్లూడర్ అనే కన్ను కప్పే పలకతోనే, రోగి వేళ్లతో కాదు. వేళ్ల సందులోంచి రెండో కన్ను చూసేస్తుంది. అరచేత్తో గట్టిగా అదిమితే తర్వాత ఆ కన్నే కాసేపు మసకబారుతుంది. రోగి పక్కన నిలబడి చార్టు కంటే ఎక్కువగా ముఖాన్నే గమనించండి. కళ్లు చిట్లిస్తే రెప్పల సందు సన్న రంధ్రంలా పనిచేసి 6/18 చూపు కూడా 6/9 అనిపిస్తుంది.

“అమ్మా, కనపడినంత దాకా చదవండి” అని ఊరుకుంటే చాలామంది సులువుగా కనిపించిన గీత దగ్గరే ఆగిపోతారు. “తప్పయినా పర్లేదు, కింద గీత కూడా చెప్పండి” అని అడగాలి. సగానికి పైగా సరిగ్గా చెబితే ఆ గీతనే రాసి, పక్కన పి (పార్షియల్, అంటే పూర్తిగా కాదు) అక్షరం వేయండి. రెండో కంటికి అదే గీతను వెనక నుంచి చదివించండి, లేదంటే గుర్తున్నది అప్పజెబుతారు. చదువు రానివాళ్లకు ఇంగ్లిష్ E ఆకారపు గుర్తుల చార్టు పెట్టి, కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపించమనాలి.

పై అక్షరం కూడా అందకపోతే ఒక్కో మీటరు దగ్గరికి నడిపించండి: 5/60, 4/60, అలా 1/60 దాకా. ఆ తర్వాత వేళ్ల లెక్క, చేతి కదలిక, చివరికి టార్చి వెలుగు. వెలుగు కూడా తెలియట్లేదని రాసేముందు రెండో కంటిని పూర్తిగా కప్పి, ప్రకాశవంతమైన లైటుతో మళ్లీ చూడండి. ఆ ఒక్క మాట ఆపరేషన్ నిర్ణయాన్నే మార్చేస్తుంది.

తర్వాత దూరానికి వాడే జోడుతో. అప్పటికీ 6/6 రాని ప్రతి కంటికీ పిన్‌హోల్ (సన్న రంధ్రం ఉన్న పలక) పెట్టండి. రద్దీ రోజుల్లో దీన్నే వదిలేస్తుంటారు, వదలకూడనిదీ ఇదే. 1.2 మిల్లీమీటర్ల రంధ్రం అడ్డదిడ్డంగా వంగే కిరణాలను ఆపేసి సన్నని ధారను మాత్రమే లోపలికి పోనిస్తుంది. 6/24 కాస్తా 6/9 అయితే లోపం చాలావరకు పవర్‌లోనే ఉంది. ఏమీ మారకపోతే శుక్లమో, రెటీనా, నరం జబ్బో అని అనుమానించాలి. చూపు ఇంకా తగ్గితే మాక్యులా దెబ్బతిన్నదేమో, లేక శుక్లం సరిగ్గా నడుమనే ఉందేమో అని కార్డు మీద స్పష్టంగా రాయండి.

పసిపిల్లల దగ్గర చార్టు పనిచేయదు. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూసినప్పుడు చేతిని తోసేసి ఏడుస్తున్నాడంటే తెరిచి ఉన్న కంట్లో చూపు తక్కువని అనుమానం. ఇలాంటి బిడ్డను “పెద్దయ్యాక చూద్దాం” అని పంపొద్దు. బద్ధక కంటికి (చిన్నతనంలో సరిగ్గా వాడక చూపు ఎదగని కన్ను) వైద్యం ఏడెనిమిదేళ్లలోపు మొదలైతే బాగా పనిచేస్తుంది.

నలభై దాటితే దగ్గరి చూపు కూడా కొలవాలి. లెన్సు గట్టిపడి చత్వారం వచ్చే వయసు అది. కార్డును 40 సెంటీమీటర్ల దూరంలో పట్టించి ఎన్6 (దగ్గరి చూపుకు వాడే సన్న అక్షరాల సైజు) గీత చదివించండి. అయితే పని ఎంత దూరంలో చేస్తారో కూడా అడిగి రాయండి. మగ్గం మీద పోగు అతికే నేతన్నకూ, లెక్కలు రాసే గుమాస్తాకూ ఒకే దూరం సరిపోదు.

ఆగకుండా పంపాల్సినవి

ఉన్నట్టుండి చూపు పోవడం, మెరుపులతో పాటు ఒకవైపు తెర దిగినట్టుండడం, ఎర్రబడిన కంట్లో తీవ్రమైన నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు, దెబ్బ తగిలిన కన్ను. వీళ్లను వరసలో కూర్చోబెట్టకుండా నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. గుడ్డుకు గాయమైందన్న అనుమానముంటే కంటిని నొక్కకండి, చుక్కలు వేయకండి, పైన గట్టి కవచం మాత్రం పెట్టండి.

ఒక్కో రోగి లేవగానే ఆక్లూడర్‌నూ పిన్‌హోల్‌నూ స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, చేతులు కడుక్కోండి. కండ్లకలక రోజుల్లో ఆ జబ్బు ఒక కంటి నుంచి ఇంకో కంటికి చేరేది ఎక్కువగా చేతుల మీదుగానే.