ఏప్రిల్ 1న కొత్త అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లోకి మారే ముందు

మార్చి వస్తే చాలా కంపెనీల్లో ఇదే హడావుడి. వెండర్ (సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు) ఇచ్చిన తేదీకి తలూపే ముందు ఇవి చూసుకోండి.

– పాతదాన్ని వెంటనే ఆపెయ్యకండి. కనీసం ఒక నెల జీతాలు, ఒక జీఎస్టీ రిటర్న్ రెండింట్లోనూ చేసి, పైసాతో సహా లెక్క కలిశాకే ఆపండి. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఒక్క వారాంతంలో ఖాతాలను కొత్త సిస్టమ్‌లోకి మార్చింది. సుమారు 19 లక్షల మంది ఖాతాలు తెరుచుకోలేదు. 2022లో 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా పడింది.

– సీజన్‌లో మార్చొద్దు. అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ 1999లో హాలోవీన్ ముందు ఈ పని చేసింది. గోదాముల్లో సరుకున్నా షాపులకు అందలేదు.

– పార్టీల (డీలర్లు, కస్టమర్ల) పేర్లు ముందే సరిచేయండి. ఒకే డీలరు ‘శ్రీలక్ష్మి’ అనీ, ‘శ్రీ లక్ష్మీ’ అనీ ఉంటే బాకీ రెండు ముక్కలవుతుంది. విసుగు పనే, వెండర్ మాత్రం చెయ్యడు.

– డెమోలో బిల్లు కొట్టే మనిషిని కూర్చోబెట్టండి. ఎండీగారికి నచ్చిన స్క్రీన్ కౌంటర్‌లో, అదీ క్యూ ఉన్నప్పుడు, పనికిరాకపోవచ్చు.

– ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చూపే రికార్డు) ఉందా? 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు అది తప్పనిసరి.