అలంకార చేపల ఎగుమతి: పెట్టె దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవవలసిన పని

మన దేశంలో రంగు చేపల పరిశ్రమ గురించి మాట మొదలైతే అది సాధారణంగా తొట్ల సంఖ్యతోనో, సబ్సిడీ మొత్తంతోనో మొదలవుతుంది. విదేశాల్లో కొనేవాడు లెక్కపెట్టేది మాత్రం ఒక్కటే: పెట్టె తెరిచినప్పుడు ఎన్ని చేపలు ప్రాణంతో ఈదుతున్నాయన్నది. అందువల్ల ఈ పరిశ్రమను జాతీయ స్థాయిలో నిలబెట్టదలచినవారు, మత్స్యశాఖ అధికారులైనా, రైతు సంఘాలైనా, ఎగుమతి సంస్థలైనా, ఆ పెట్టె దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క అడుగు వెనక్కి నడుస్తూ ఏర్పాట్లు చేసుకోవాలి.

ముందుగా ఆ పెట్టెను దగ్గరగా చూద్దాం. చేపలకు ఒకటి రెండు రోజుల ముందే మేత ఆపేస్తారు. కడుపు ఖాళీగా ఉంటే దారిలో అవి నీటిని పాడుచేయవు. ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు పాలిథిన్ సంచుల్లో మూడో వంతు నీరు పోసి, మిగిలిన రెండు వంతులు ఆక్సిజన్ నింపి, రబ్బరు బ్యాండుతో బిగించి థర్మోకోల్ పెట్టెలో సర్దుతారు. సంచి అడుగు మూలలను మడిచి కట్టకపోతే చిన్న చేపలు ఆ మూలల్లో ఇరుక్కుని చనిపోతాయి. మగ ఫైటర్ చేపలు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి కనుక ఒక్కొక్క దానికి ఒక్కొక్క చిన్న సంచి కావాలి. మూసిన సంచిలో చేపలు విడిచే బొగ్గుపులుసు వాయువు వల్ల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గుతుంది, అందువల్ల పేరుకున్న అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటివరకు నిద్రాణంగా ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక, దారంతా బతికి వచ్చిన చేపలను గమ్యంలో చంపుకునేవారు ఉన్నారు. కాబట్టి మూసిన సంచినే కాసేపు తొట్టిలో తేలనిచ్చి, ఉష్ణోగ్రతలు కలిశాక విప్పి, చేపలను వెంటనే మంచినీటిలోకి మార్చమని కొనుగోలుదారుకు రాతపూర్వకంగా చెప్పడం కూడా ఎగుమతిదారు పనే.

విమానం కిరాయి బరువును బట్టి పడుతుంది, ఆ బరువులో అధికభాగం నీళ్లే. అందుకే సంచిలో చేపలను ఎంత చిక్కగా నింపవచ్చో ఎగుమతిదారు ఆలోచిస్తాడు. ఆరోగ్యంగా ఉండి, ప్రయాణానికి అలవాటుపడిన చేప మాత్రమే ఆ చిక్కదనాన్ని తట్టుకుంటుంది. ఈ కారణం చేతనే విమానాశ్రయానికి దగ్గరగా ఉమ్మడి సేకరణ కేంద్రం తప్పనిసరి. పల్లెల్లోని చిన్న యూనిట్ల నుంచి వచ్చిన చేపలను అక్కడ కనీసం రెండు వారాలు విడిగా ఉంచి, పరాన్నజీవులను పరీక్షించి, సైజు వారీగా వేరుచేసి, ప్యాకింగు నీటికి అలవాటు చేయాలి. ఒక ఊరి చేపలు పెట్టిన తొట్టిలో వాడిన వలను మరో ఊరి తొట్టిలో ముంచకూడదు. దశాబ్దాల పాటు ఈ వ్యాపారంలో ముందువరుసలో నిలిచిన సింగపూర్ తాను పెంచిన చేపలనే కాక, చుట్టుపక్కల దేశాల నుంచి తెచ్చుకున్న చేపలను కూడా ఇలా సరిచూసి తిరిగి ఎగుమతి చేస్తుంది. సముద్రమే లేని చెక్ దేశం ఉష్ణమండల చేపలను పెంచి ఐరోపాకు అమ్ముతున్నదంటే, ఈ వ్యాపారంలో వాతావరణం కంటే నైపుణ్యం, క్రమం ఎక్కువ పనిచేస్తాయని అర్థం.

మరో అడుగు వెనక్కి వెళ్తే తల్లి చేపలు కనిపిస్తాయి. మన పరిశ్రమ అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఇక్కడే. ఒకే తొట్టిలో తరతరాలుగా అక్కచెల్లెళ్లను, అన్నదమ్ములను కలిపి పిల్లలను తీస్తే రంగు వెలిసిపోతుంది, వెన్ను వంకరపోతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. తల్లి సరిగా లేకపోతే సాగంతా కూలుతుందన్న ఈ పాఠం ఆంధ్రప్రదేశ్ రొయ్యల రైతులకు కొత్తది కాదు. 1990ల నడుమ తెల్లమచ్చ రోగంతో టైగర్ రొయ్యల చెరువులు ఖాళీ అయిన రోజులు వారికి గుర్తున్నాయి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య సాగుకు దారి తెరిచినప్పుడు, నిర్దిష్ట రోగాలు లేని తల్లి రొయ్యలను మాత్రమే దిగుమతి చేసుకోవాలని, వాటిని చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించిన తర్వాతే హేచరీలకు ఇవ్వాలని నియమం పెట్టారు. తరువాత వచ్చిన విస్తరణకు పునాది ఆ నియమమే. రంగు చేపలకు కూడా అదే వరుస కావాలి: ముందు మేలైన తల్లి చేపలను పెంచి ఇచ్చే తల్లి చేపల బ్యాంకు, తర్వాత క్వారంటైన్, ఆ తర్వాతే వందల కొద్దీ పెరటి యూనిట్లు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి యూనిట్‌కు 3 లక్షలు, మధ్యతరహా యూనిట్‌కు 8 లక్షలు, మంచినీటి సమగ్ర యూనిట్‌కు 25 లక్షలు, తల్లి చేపల బ్యాంకుకు కోటి రూపాయలు యూనిట్ వ్యయంగా పెట్టారు. అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సాయంగా నిర్ణయించారు. ఒక జిల్లాకు నిధులు పరిమితంగా వస్తే నేనైతే పెరటి యూనిట్లు పంచే ముందు ఆ కోటి రూపాయల బ్యాంకునే నిలబెడతాను. మంచి తల్లి చేపలు లేని పెరటి యూనిట్ రెండేళ్లలో ఖాళీ సిమెంటు తొట్టిగా మిగులుతుంది.

పెంపకందారు ఏ చేపను ఎంచుకోవాలో అతని బోరు నీరే చెప్పాలి. తెలంగాణలోని అనేక గ్రామాల్లో బోరు నీరు గడుసుగా, అంటే లవణాలు ఎక్కువగా కరిగి ఉంటుంది. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ వంటి పిల్లలను కనే చేపలకు అది సరిపోతుంది. మెత్తని, కాస్త ఆమ్లగుణమున్న నీరు కోరే డిస్కస్ చేపను అదే నీటిలో పెంచాలంటే శుద్ధి యంత్రం ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. గప్పీతో మొదలుపెట్టేవారు ఒక విషయంలో గట్టిగా ఉండాలి. ఆడ గప్పీ ఒక్కసారి జతకట్టిన తర్వాత మగచేప బీజాన్ని నెలల తరబడి దాచుకుని, దానితోనే వరుసగా అనేక కాన్పులు కంటుంది. ఒక తప్పు మగచేప తొట్టిలో పడితే ఆ వంశం చెడినట్టే. కనుక పిల్లలు మూడు నాలుగు వారాల వయసుకు రాకముందే రోజూ పరిశీలించాలి. పొట్ట కింది రెక్క సన్నని పుల్లలా మారడం మొదలైన వాటిని మగవిగా గుర్తించి వెంటనే వేరే తొట్టిలోకి మార్చాలి. గోల్డ్‌ఫిష్‌లో పని మరో రకం. గుడ్లు నీటి మొక్కలకు అంటుకుని రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి, పిల్లలు వేలల్లో వస్తాయి, కానీ జంటతోక సరిగా విచ్చుకున్నవి, నడుము తీరుగా ఉన్నవి అందులో కొన్నే. మిగిలినవాటిని నిర్దాక్షిణ్యంగా ఏరివేసే ఓపిక లేనివారి సరుకు ఎగుమతికి పనికిరాదు.

చేప ఒంటి రంగు చాలావరకు మేత నుంచి వస్తుంది. ఎండబెట్టిన బంతిపూల రెక్కల పొడి, స్పిరులీనా అనే నాచు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో మిగిలిపోయే తలకాయలు, పొట్టు, ఇవన్నీ ఎరుపు, పసుపు రంగులను నింపే పదార్థాలే, కోస్తా జిల్లాల్లో చౌకగా దొరికేవే. త్వరగా మెరుపు తేవడానికి హార్మోన్లు తినిపించడం, మన వాగుల్లోనే దొరికే గాజుచేపకు సూదితో రంగు ఎక్కించడం వంటి పనులు చేయకూడదు. కొన్నాళ్లకే ఆ రంగు వెలిసిపోతుంది, చేపకు అది హింస, దేశం పేరుకు అది మచ్చ.

అడవి నుంచి, వాగుల నుంచి పట్టి అమ్మడం మీద ఆధారపడిన ఎగుమతి నిలవదు. మన ఎగుమతుల్లో చాలాకాలం పెద్ద వాటా ఈశాన్య రాష్ట్రాల వాగుల్లో పట్టి కోల్‌కతా మీదుగా పంపిన చేపలదే. పడమటి కనుమల సెలయేళ్లలో ఉండే, మిస్ కేరళ అని పేరుపడ్డ డెనిసన్ బార్బ్‌ను ప్రపంచం ఇష్టపడినందుకే అది అంతరించే ముప్పున్న జాబితాకు చేరింది. దాన్ని తొట్లలో పిల్లలు పెట్టించడం సాధ్యమేనని తేలింది; కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్‌ఫిష్ అనే సముద్రపు రంగు చేప విషయంలోనూ ఇదే నిరూపించింది. నీటిగుర్రాలు, పగడాలు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, వాటి జోలికి పోకూడదు.

పెంచే చేప బయటికి పోకుండా చూడటం కూడా అంతే ముఖ్యం. అక్వేరియం అద్దాల మీది పాచి తింటుందని తెచ్చుకున్న సక్కర్ చేప ఈరోజు మన చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప అనే పేరుతో జాలర్ల వలలు చింపుతున్నది. ప్రతి యూనిట్ వ్యర్థపు నీటి గొట్టానికి జాలీ, దాని తర్వాత ఇంకుడు గుంత ఉండాలి. లైసెన్సు ఇచ్చే అధికారి తొట్ల కంటే ముందు ఆ జాలీని చూడాలి.

ఎగుమతికి కొచ్చి కేంద్రంగా 1972 నుంచి పనిచేస్తున్న ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ)లో నమోదు, చేపల ఆరోగ్య ధ్రువపత్రం, ప్రాణులను విమానంలో పంపే అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్యాకింగు అవసరం. కోయి చేపల విషయంలో హెర్పిస్ వైరస్ గురించి కొనే దేశాలు ప్రత్యేకంగా అడుగుతాయి. శిక్షణ కోసం తెలుగువారు ముందుగా అడగదగిన చోటు హైదరాబాద్‌లోనే ఉంది: పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కట్టిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి.

విదేశీ ఆర్డరు కంటే ముందు చెన్నై కొళత్తూరు, కోల్‌కతా మార్కెట్లకు ఏడాది పాటు క్రమం తప్పకుండా సరుకు పంపి చూడండి. ఆ తర్వాత ఎగుమతికి కట్టినట్టే ఒక పెట్టె కట్టి, విమానం ఎక్కించకుండా మీ గదిలోనే ముప్పై ఆరు గంటలు ఉంచండి. విప్పి, ఏ తొట్టి నుంచి వచ్చిన చేపలు ఎన్ని చనిపోయాయో సంచి సంచికీ పుస్తకంలో రాసుకోండి. ఏ తొట్టి చేపలు ఎక్కువగా చనిపోయాయో ఆ తొట్టికి వెళ్లి మేత, నీరు, తల్లి చేపలు పరిశీలించి, సరిచేసి, మరో పెట్టె కట్టండి.